కూల్చిన ఇంటి ఇటుక చెరువు పాలేనా?

పాత ఇల్లు కూల్చగానే ఇటుక ముక్కలు, పెంకులు చెరువు కట్ట పక్కన పారబోయడం మన పల్లెల్లో రివాజైపోయింది. అటు చెరువు పూడుతోంది. ఇటు సిమెంటు బస్తాల కోసం పేదవాడు అప్పు చేస్తున్నాడు.

కాల్చిన మట్టి పొడి మనకు కొత్త కాదు. అదే సుర్కీ. మన పెద్దలు దాన్ని సున్నంలో కలిపి గోడలు కట్టారు. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట రాతి కట్టడానికి వాడింది సుర్కీ గచ్చే. కర్నూలు జిల్లా పడమటి పొలాలకు కాలువ నీరు వచ్చేది అక్కడి నుంచే.

సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం బయటపడుతుంది. మెత్తని సుర్కీ ఆ సున్నాన్ని పట్టుకుని తానూ గట్టిపడుతుంది. అందువల్ల సిమెంటు కొంత తగ్గించవచ్చు. కాకపోతే ఎక్కువ రోజులు నీళ్లు కట్టాలి.

అయితే మేస్త్రీలు చేతికొలతన కలపరాదు. అతిగా కాలి నల్లబడిన ఇటుక ఇందుకు పనికిరాదు. బజారు సిమెంటులో చాలావాటిలో ముందే బూడిద కలిసి ఉంటుంది. శ్లాబు, స్తంభాల జోలికి అసలే పోరాదు.

కాల్చిన బంకమట్టి, సున్నపురాయి కలిసిన సిమెంటుకు 2023లో భారత ప్రమాణం కూడా వచ్చింది. ఇకనైనా గృహనిర్మాణ అధికారులు మండలానికొకచోట పాత ఇటుకను పొడి చేయించి, పరీక్షించి, పూతకెంత, గోడకెంత కలపాలో చెప్పాలి. అంతవరకు గ్రామస్థులు ఆ ముక్కలను చెరువులో పోయక ఒక పక్క కుప్ప వేసి ఉంచడం మేలు.