నవ్వు ఎవరి మీద?

కార్మికుడికి జ్వరం వస్తే తోటివారు పండ్లు పట్టుకొని పరామర్శకు వెళతారు. కాలు విరిగితే సెలవు దరఖాస్తు తామే రాసిపెడతారు. అదే కార్మికుడి మనసు జబ్బుపడితే మాత్రం వీపు వెనుక నవ్వుకుంటారు. ఆ నవ్వును గురించే ఇక్కడ ప్రస్తావించదలచాము. అది యాజమాన్యం మనకు నేర్పినది కాదు. మనలో మనమే పెంచి పోషించుకున్నది.

ఖరగ్‌పూర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈ రైల్వే పట్టణంలో తరతరాలుగా స్థిరపడి ఉన్నవి. 1927లో వి.వి. గిరి వంటి నాయకుల సారథ్యంలో సాగిన సమ్మెలో ఈ పట్టణపు కార్మికులు చరిత్ర సృష్టించారు. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన అఖిల భారత రైల్వే సమ్మెలో దేశమంతటా రైల్వే కార్మికులు అరెస్టులకు, డిస్మిస్ ఉత్తరువులకు ఎదురు నిలిచారు. అంతటి పోరాట వారసత్వం గల కార్మికుడు ఈనాడు ఒక్క మాటకు భయపడుతున్నాడు. ఆ మాట ‘పిచ్చి’. తెలుగువాడు పిచ్చి అన్నా, తక్కిన సోదరులు పాగల్ అన్నా అర్థం ఒక్కటే. హైదరాబాదులో ఎర్రగడ్డ పేరు ఎలా ఎగతాళి మాట అయినదో, ఇక్కడ రాంచీ పేరు అలా అయినది. భాషలు వేరైనా ఎగతాళిలో మాత్రం సంపూర్ణ ఐక్యత సాధించాం!

ఫలితమేమిటి? రాత్రి డ్యూటీలతో నిద్ర చెడి, మనసు కకావికలైన మనిషి ఆ సంగతి ఇంట్లోనే చెప్పడు. వైద్య పరీక్షలో కేటగిరీ పోతుందని రన్నింగ్ సిబ్బంది దాస్తారు. కూతురి పెళ్లి చెడుతుందని తల్లిదండ్రులు దాస్తారు. మేము సైతం దాచాము. ఇలాంటి సోదరులకు సెలవు మంజూరు చేయించే సందర్భాలలో ‘నడుము నొప్పి అని రాద్దాం, గొడవ ఉండదు’ అని సలహా ఇచ్చినవారిలో మేమూ ఉన్నాము. అతనికి మేలు చేస్తున్నామనే అనుకున్నాము. నిజానికి అతని జబ్బు సిగ్గుపడవలసినదేనని సంఘం ముద్ర వేసి మరీ ధ్రువీకరించాము. ఈ ఆత్మవిమర్శ ఆలస్యంగానైనా చేసుకోక తప్పదు.

ఈ జబ్బులు ఏ కొద్దిమందికో వచ్చేవి కావు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో పశ్చిమ బెంగాల్‌తో సహా 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వే ప్రకారం, వయోజనులలో దాదాపు 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. జబ్బును బట్టి వారిలో 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. దాచిపెట్టడం ఎంత దూరం పోగలదో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో లోకం చూచింది. గొలుసులతో కట్టివేసిన రోగులు 28 మంది మంటలలో ప్రాణాలు కోల్పోయారు.

చట్టం మారింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందిన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని, పాత పని చేయలేకపోతే అదే వేతన స్కేలుతో వేరే పోస్టు చూపాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దేశిస్తున్నది. మానసిక రుగ్మత కూడా ఆ చట్టం పరిధిలోనిదే. శరీర రుగ్మతలతో సమానంగా మానసిక రుగ్మతలకూ బీమా కల్పించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. కాని చెప్పుకోవడానికి సిగ్గుపడే మనిషికి చట్టం అక్కరకు రాదు. ఆ సిగ్గును పోగొట్టడానికి సర్క్యులర్లు చాలవు. నాటకం కావాలి, నవ్వు కావాలి.

నవ్వు వల్ల పుట్టిన రోగాన్ని నవ్వే కుదుర్చుతుందా అని కొందరు మిత్రులు ప్రశ్నించవచ్చు. సమాధానం మన సాహిత్యంలోనే ఉన్నది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో గురజాడ, అమ్ముడుపోయే పసిపిల్లలను చూపి నవ్వించలేదు. అమ్మేవారిని, కొనేవారిని చూపి నవ్వించాడు. నవ్వు అదే, గురి మారింది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ విద్యనే పల్లెపల్లెకు తీసుకుపోయింది. బెంగాల్‌లో 1985లో ఆరంభమైన జన సంస్కృతి మరొక అడుగు వేసింది. సమస్య ముడిపడిన చోట నాటకం ఆపి, ‘మీరైతే ఏం చేస్తారు?’ అని ప్రేక్షకుణ్ణే రంగం మీదికి పిలుస్తుంది. కెనడాలో డేవిడ్ గ్రానిరర్ అనే సలహాదారు 2004 నుండి మానసిక రుగ్మతలు అనుభవించినవారికే హాస్య ప్రదర్శనలో శిక్షణ ఇస్తున్నాడు. అక్కడ నవ్వించేది రోగి, నవ్వుల పాలయ్యేది లోకపు అజ్ఞానం.

మన నాటికకు సరుకు వెదకనక్కరలేదు. ఒక ఫిట్టరుకు నిద్ర పట్టడం లేదు. ఒకాయన నిమ్మకాయ తెస్తాడు, ఒకామె తాయెత్తు తెస్తుంది. పెద్దమనిషి వచ్చి పెళ్లి చేస్తే కుదురుతుందంటాడు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అనే సామెత అక్కడే పుడుతుంది! డాక్టరు దగ్గరకు పోదామన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. చివరగా యూనియన్ కార్యదర్శి ప్రవేశించి ‘నడుము నొప్పి అని రాద్దాం’ అంటాడు. ఆ పాత్ర మేమే ధరిస్తాము. ప్రేక్షకులు మమ్మల్ని చూచి నవ్వాలి.

అయితే కొన్ని నియమాలు తప్పవు. రోగి నడకను, మాటను అనుకరించి నవ్వించరాదు. కాలనీలో ఎవరినీ గుర్తుపట్టేలా పాత్ర ఉండరాదు. రచనలో ఆ బాధ అనుభవించినవారి మాటకే అగ్రస్థానం ఇవ్వాలి. ప్రదర్శన ముగియగానే వైద్యుడు గాని, సలహాదారు గాని అక్కడే అందుబాటులో ఉండాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ ఫోను నంబరు 14416 అందరికీ కనబడేలా రాసిపెట్టాలి.

నాటకం ఆడి చేతులు దులుపుకోరాదు. విశ్రాంతి వేళలు, ఖాళీల భర్తీ, రైల్వే ఆసుపత్రులలో మానసిక వైద్యులు అనే డిమాండ్లు అలాగే ఉన్నవి. కాని బాధితుడు నోరు విప్పనంత కాలం ఆ డిమాండ్లకు సాక్షులు ఉండరు. నీంపురా యార్డు నుండి వర్క్‌షాపు దాకా, నడుము నొప్పి అని కాక అసలు జబ్బు పేరుతోనే సెలవు అడగగల ధైర్యం ఒక్క కార్మికుడికి కలిగినా ఆ నాటకం సఫలమైనట్లే. ఆ దరఖాస్తు కింద ఈసారి వెనుదీయక సంతకం చేయడం మా వంతు.