పడుకోడానికేగా రూమ్!

"రూమ్ ఏదైతే ఏంటి? పడుకోడానికేగా!"

ఈ మాట వినపడని ఇల్లు ఎక్కడైనా ఉంటే చెప్పండి, వచ్చి ఆ ఇంటి గుమ్మానికి పసుపు రాసి వెళ్తాను. మా ఇంట్లో ఏ ఊరు వెళ్దామన్నా చివరికి ఈ మాట దగ్గరికే వస్తాం. టికెట్లు అయిపోతాయి, చూడాల్సిన గుళ్ళూ గోపురాలూ రాసుకోవడం అయిపోతుంది. అప్పుడు మా ఆయన ఫోన్ తీసి, చవకవి ముందు వచ్చేలా నొక్కి, బస్టాండ్ పక్కన ఏదో ఒకటి బుక్ చేసేస్తారు. ఇలా ఎందుకండీ అంటే, ఇదిగో ఈ మాట.

దీని మీద నాకు ఇరవై రెండేళ్ళ కోపం ఉంది. ఇవాళ కక్కేస్తాను.

అసలు పడుకోడానికే అని ఎవరంటారు? తడి తువ్వాలు మంచం మీద పడేసి చెప్పులేసుకుని బయటికి నడిచేవాళ్ళు అంటారు. ఆ తువ్వాలు తీసి కుర్చీ వీపు మీద ఆరేసేవాళ్ళకి ఆ గది పడుకోడానికి మాత్రమే కాదు. పిల్ల బట్టలు బకెట్లో జాడించేది అక్కడ. అత్తయ్య గారి మాత్రలకి వేడినీళ్ళు కాచేది అక్కడ. మర్నాడు ఎవరేం కట్టుకోవాలో సర్దేది అక్కడ. అందరూ స్నానాలు చేశాక మిగిలిన చన్నీళ్ళు పోసుకుని, పరుగున వచ్చి ఆటో ఎక్కి, "నీవల్లే లేటు" అనిపించుకునేది కూడా అక్కడే.

మైసూరు వెళ్ళినప్పుడు ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నారు. "కిచెన్ కూడా ఉంది, కలిసొస్తుంది" అని అందరికీ ఫోన్ చేసి మరీ చెప్పారు. కలిసొచ్చిందండీ. మైసూరులో మూడు పొద్దుళ్ళు ఉప్మా కలిపాను. రైస్ కుక్కర్ హైదరాబాద్ నుంచి బట్టల పెట్టెలో వచ్చింది. వాళ్ళు చాముండి కొండ ఫోటోలు చూసుకుంటుంటే నేను పరాయి వాళ్ళ గిన్నెలు తోముతున్నాను. నా వంటింటికి ఊరు మారింది, అంతే. దాన్ని సెలవు అనమంటే నేను అనను.

సరే, నువ్వే ఎంచుకోవచ్చుగా అంటారు. ఎంచుకున్నాను. రెండేళ్ళ కిందట కొచ్చి వెళ్ళినప్పుడు మొదటిసారి ఫోన్ నా చేతికిచ్చారు. ఫోర్ట్ కొచ్చిలో పాత బంగళాని హోటల్ చేశారని ఫోటోలు చూసి పడిపోయాను. ఎర్రని నేల, నాలుగు స్తంభాల మంచం, కిటికీలోంచి వాన. తీరా వెళ్తే ఆ గదికీ బాత్రూమ్‌కీ మధ్య గోడ లేదు. అద్దం! దానికి ఒక తెర, ఆ తెర తాడు గదివైపు. గదిలో నలుగురం, అందులో డెబ్భై దాటిన అత్తయ్య గారు, పద్నాలుగేళ్ళ అమ్మాయి. ఒకరు స్నానానికి వెళ్తే ముగ్గురం వరండాలో నిలబడ్డాం, పెళ్ళివారి విడిదిలో బాత్రూమ్ వరసలాగా.

ఆ కథ మా ఆయన ఇప్పటికి ఎంతమందికి చెప్పారో లెక్కలేదు. ప్రతి ఫంక్షన్లోనూ అదే. "మా ఆవిడ సెలెక్షన్" అంటే చాలు, అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ ఒక్కటి అడుగుతాను. ఇరవై ఏళ్ళు ఆయన ఎంచిన గదుల్లో నల్లులున్నాయి, కిందింటి బార్‌లో పాటలున్నాయి, వేడినీళ్ళు ఆరున్నరకే ఆగిపోయాయి. అవేవీ కథలు కాలేదు. ఆయన చేతిలోంచి ఫోన్ ఎవరూ లాక్కోలేదు. నేను ఒక్కసారి తప్పు చేస్తే ఇంకో ఛాన్స్ రావడానికి రెండేళ్ళు పట్టింది. అది కూడా నా చీటీ డబ్బులు చేతికొచ్చి, "పాండిచ్చేరి రూమ్ నేను కడతాను" అన్నాక. "నీ డబ్బులు, నీ ఇష్టం" అన్నారు. ఆ మాటలో ఉన్న పుల్లవిరుపు మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు హోటళ్ళ వాళ్ళ సంగతి. వాళ్ళనీ వదలను.

బొటీక్ హోటల్ అంటే ఏమిటో మొదట నాకూ తెలీదు. పది ఇరవై గదులు, ఏ గదికా గది వేరేగా, ఎవరో ఇష్టపడి సర్దిన ఇల్లులా ఉండేది. ఈ ఫ్యాషన్ మొదలైన చోట్లలో లండన్‌లో బ్లేక్స్ అనే హోటల్ ఒకటి. 1970ల చివర్లో అనౌస్కా హెంపెల్ అనే ఆవిడ పెట్టారు. తర్వాత 1984లో న్యూయార్క్‌లో మోర్గాన్స్ వచ్చింది. హోటల్ పెట్టింది మగవాళ్ళే గానీ లోపలి అలంకరణ అంతా ఆంద్రే పుట్‌మన్ అనే ఫ్రెంచి ఆవిడది. అంటే ఈ గదులకి ఒక రూపం ఇచ్చిన చేతుల్లో ఆడవాళ్ళవి ఉన్నాయి. మరి ఇప్పుడు మన దగ్గర చాలా చోట్ల ఆ అద్దం బాత్రూమ్ ఎవరికోసం కడుతున్నారు? పెళ్ళయి ఆర్నెల్లయిన జంట కోసం. వాళ్ళ ఊహలో అత్తగారు ప్రయాణం చేయదు. పిల్ల చేయదు. తడి బట్ట అనేది ఉండదు. నేను చూసిన ఒక గదిలో గోడకి పెద్ద చిత్రం ఉంది, చీర తగిలించడానికి ఒక్క మేకు లేదు. స్టైల్ అంటే ఉన్నవాళ్ళకి అసౌకర్యం కలిగించడం అని ఎవరు చెప్పారో మరి.

అందుకే ఈసారి ఫోటోలు చూశాక ఫోన్ చేశాను. మీరూ చేయండి. సిగ్గుపడకండి.

మొదటి ప్రశ్న, బాత్రూమ్‌కి గోడ, తలుపు ఉన్నాయా అని. అవతల అబ్బాయి నవ్వాడు. నవ్వనీ. రెండోది, మెట్లు ఎన్ని? మన పర్యాటక శాఖ లెక్క ప్రకారం హెరిటేజ్ హోటల్ అనిపించుకోవాలంటే 1950కి ముందు కట్టిన కట్టడం అయ్యుండాలి. అలాంటి ఇళ్ళలో చాలావాటికి లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఉంటే కింది గది ఇస్తామని మెసేజ్ పెట్టించుకోవాలి, నోటిమాట చాలదు. మూడోది, కిటికీ ఎటు తెరుచుకుంటుంది? లోపలి వసారాలోకైతే రాత్రి భోజనాల మాటలన్నీ మన మంచం మీదే. నాలుగోది, గది ఎన్నింటికి ఇస్తారు? మేము రాత్రి రైలుకి చెన్నై దిగి, కారులో ఈసీఆర్ మీద నూట యాభై కిలోమీటర్లు వెళ్ళేసరికి పదకొండవుతుంది. వాళ్ళు గది ఇచ్చేది రెండింటికి. ఆ మూడు గంటలు ముసలావిడ ఎక్కడ కూర్చోవాలి, ముఖం కడుక్కోవడానికి చోటు ఉందా అని అడిగి పెట్టుకున్నాను. ఐదోది, తడి బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి? దీనికి మాత్రం చాలామంది దగ్గర జవాబు లేదు. "మేడ మీద దండెం ఉందమ్మా" అన్నవాళ్ళనే ఎంచుకున్నాను.

ఆ ఇల్లు కాలువకి ఇవతల, తమిళుల వీధుల్లో ఉంది. పాండిచ్చేరి పాతూరిని ఒక కాలువ రెండుగా కోస్తుంది. సముద్రం వైపు ఫ్రెంచివాళ్ళ పసుపు గోడలు, కాగితప్పూల తీగలు, ఎత్తైన గేట్లు. ఫోటోలన్నీ అటే తీసుకుంటారు, గదుల ధరలూ ఎక్కువగా అటే మండుతుంటాయి. ఇటువైపు తమిళ ఇళ్ళకి వీధివైపు అరుగులు, లోపల నాలుగు పక్కలా వసారా, మధ్యలో ఆకాశం. నడిస్తే పది పన్నెండు నిమిషాల్లో బీచ్ రోడ్డు. సాయంత్రం నుంచి పొద్దున్న దాకా ఆ రోడ్డు మీదికి బండ్లు రానివ్వరు కాబట్టి అత్తయ్య గారు హాయిగా నడిచారు.

లోపలికి అడుగు పెట్టగానే ఆవిడ ఆగిపోయారు. "ఇదేంటమ్మాయ్, మా అమ్మమ్మ వాళ్ళ మండువాలా ఉంది!" అన్నారు. ఆవిడ పుట్టిల్లు కాకినాడ దగ్గర. చిన్నప్పుడు యానాం తిరిగిన మనిషి, అదీ పాండిచ్చేరిలో భాగమే అని గర్వంగా చెప్పుకునే మనిషి. ఆ మండువా లోగిలి పంపకాల్లో పడగొట్టేశారు, ఇప్పుడక్కడ మూడంతస్తుల బిల్డింగ్ ఉంది. పోయిన ఇంటిని ఇక్కడ రోజుకి ఇంత అని అద్దెకి తీసుకున్నాం అనిపించింది నాకు. బాధో సంతోషమో తెలీలేదు.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి నేను లేచేసరికి ఆవిడ వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. అక్కడ పనిచేసే అమ్మాయి ఇత్తడి డబరాలో కాఫీ తెచ్చి పెట్టింది. తాగారు. తాగి లేచి, గ్లాసు, డబరా పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నారు. ఏం కావాలి అత్తయ్యా అంటే, "సింకెక్కడమ్మాయ్, కడిగి ఇచ్చేద్దాం" అన్నారు.

డెబ్భై మూడేళ్ళ మనిషి. తాగిన గ్లాసు కింద పెట్టి వదిలేయొచ్చని ఆవిడకి తోచలేదు. ఆ గ్లాసు కడిగేది కూడా ఒక ఆడమనిషేగా అని మీరంటారు. నిజమే. కాకపోతే ఆ అమ్మాయికి దానికి జీతం ఉంది, వారానికో సెలవుంది, అడిగి మరీ తెలుసుకున్నాను. మాకు ఆ రెండూ లేవు. వచ్చేటప్పుడు ఆ అమ్మాయి చేతిలో ఐదొందలు పెట్టాను. అదీ గది ఖర్చులోదే అని మా ఆయనతో అన్నాను.

డబ్బు దగ్గరికి వద్దాం, ఎలాగూ అక్కడికే వస్తారు. మామూలుగా మేము వెళ్తే నాలుగు రాత్రులు, రెండు గదులు, గదికి రెండు వేల నాలుగొందలు. అంటే 19,200. ఈసారి గదికి ఐదున్నర వేలు, రెండు గదులు, కానీ రెండే రాత్రులు. 22,000. తేడా 2,800. రోజులు తగ్గించాను, మర్యాద పెంచాను. పోయిందేమిటంటే పరుగున చూసే నాలుగు గుళ్ళు, రెండు బొటానికల్ గార్డెన్లు. ఎవరూ ఏడవలేదు. ఇంకో లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి గది అద్దె రోజుకి 7,500 వరకూ అయితే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. 7,400 గది చేతికొచ్చేసరికి 7,770 అవుతుంది, 7,600 గది 8,968 అవుతుంది. రెండొందల తేడా అనుకుని నొక్కితే పన్నెండొందలు పడుతుంది. ఫోటో కింద సన్నక్షరాల్లో ఉంటుంది, చదవండి.

"ఇవన్నీ డబ్బున్నవాళ్ళ సోకులు" అని మా వదిన అంది. వదినా, నీకూ చెప్తున్నా. మన ఇళ్ళల్లో ఒక రాత్రి పెళ్ళికి ముప్ఫై వేల చీర కొంటే సోకు కాదు. ఆయన స్నేహితులతో గోవా వెళ్తే సోకు కాదు, "రిలాక్స్ అవ్వాలి కదా పాపం" అంటాం. మనం ఏడాదికి రెండు పొద్దుళ్ళు, మనం పరవని పక్క మీద లేచి, మనం కలపని కాఫీ తాగితే మాత్రం సోకు అయిపోతుందా? అందరూ ఐదున్నర వేల గదే తీసుకోమని నేనట్లేదు. పదిహేనొందల గదైనా సరే, ఎంచుకునేటప్పుడు అందులో ఎక్కువసేపు ఉండే మనిషిని అడగండి అంటున్నాను. బాల్కనీలో దండెం, తలుపున్న బాత్రూమ్, వంట చేయక్కర్లేని పొద్దున్న. వీటి తర్వాతే నాలుగు స్తంభాల మంచం.

కొచ్చి కథ మా ఆయన ఇంకా చెప్తూనే ఉన్నారు. మొన్న మా ఆడపడుచు ఇంట్లో మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి నేను నవ్వలేదు. "మరి పాండిచ్చేరి సంగతి కూడా చెప్పండి" అన్నాను. ఆయన చెప్పేలోపు అత్తయ్య గారే అందుకున్నారు.

వచ్చే డిసెంబర్‌కి ఊరింకా అనుకోలేదు. ఫోన్ మాత్రం నా దగ్గరే ఉంది.