నేర్పినవాళ్ళ పేరు చెబుదామా?

అల్లికల గురించి హక్కుల పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులకి అనిపించవచ్చు. కూలి రేట్లు, గృహహింస, భూమి, ఆరోగ్యం ఇన్ని వుండగా క్రోషా పువ్వుల గొడవా? నాకూ మొదట అలాగే అనిపించింది. రాయాలా వద్దా అని మూడు నెలలు వెనకాడాను. చివరికి రాయించింది ఒక హాజరు రిజిస్టరు. దాని సంగతి తర్వాత చెబుతాను.

నేనుండే పట్నంలో ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం ఒక పదిహేనుమందిమి ఎవరో ఒకరింట్లో కూర్చుని క్రోషా అల్లుకుంటాం. రిటైరైన టీచర్లు, బ్యాంకు వుద్యోగులు, ఇద్దరు ముగ్గురు కాలేజీ అమ్మాయిలు. ఎవరికీ దీంతో పొట్ట గడవనక్కర్లేదు. సరదాకి చేసుకునే పని. ఇంట్లో ఎవరూ పిలవని రెండు గంటలు ఆడవాళ్ళకి దొరకడమే గొప్ప కాబట్టి ఆ శనివారాలంటే నాకు చాలా ఇష్టం. అయినా అక్కడ జరిగిన రెండు విషయాలు నన్ను చాలాకాలంగా గుచ్చుతున్నాయి.

మొదటిది చిన్నదే. దర్జీషాపులో పనిచేసే ఒక అమ్మాయి ఎవరో చెబితే మా దగ్గరికి వచ్చింది. పుస్తకంలోంచి జిరాక్సు తీయించుకున్న నమూనా చూసి పసిపిల్లల టోపీ అల్లింది. అది కాస్తా సంచి అంత పొడుగొచ్చింది. "ఎక్కడ తప్పు చేశానో చూడండమ్మా" అని అడిగింది. మాలో బాగా చెయ్యి తిరిగినావిడ ఆ టోపీ ఎత్తి అందరికీ చూపించి, "ముందు పుస్తకం చదవడం నేర్చుకో" అంది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు.

ఆ అమ్మాయి చేసిన తప్పేమీ లేదు. ఇంగ్లండు పుస్తకాల్లో "డబుల్" అని రాసే కుట్టునే అమెరికా పుస్తకాల్లో "సింగిల్" అంటారు. అమెరికావాళ్ళు "డబుల్" అనేది ఇంగ్లండువాళ్ళకి "ట్రెబుల్", అంటే అంతకంటే చాలా పొడుగు కుట్టు. మన దగ్గర రెండు రకాల పుస్తకాలూ తిరుగుతుంటాయి. ఇంగ్లండు నమూనాని అమెరికా లెక్కన అల్లితే టోపీ సంచి కాక ఏమవుతుంది? పొడుగొచ్చిందంటే ఆ అమ్మాయి చెయ్యి సరిగ్గానే ఆడిందన్నమాట. ఈ సంగతి మాలో కనీసం నలుగురికి తెలుసు. అర నిమిషంలో చెప్పగలిగిన మాట. ఎవరమూ చెప్పలేదు. మేమందరం కూడా ఒకప్పుడు ఇదే పొరపాటు చేసి, ఎవరో చెబితే తెలుసుకున్నవాళ్ళమే. మనం ఎవర్ని అడిగి నేర్చుకున్నామో మరిచిపోయిన రోజున, మనల్ని అడిగేవాళ్ళు మనకి తెలివితక్కువగా కనిపిస్తారు. కాలేజీ అమ్మాయి అడిగివుంటే మేం అలా నవ్వేవాళ్ళమా? నవ్వేవాళ్ళం కాదనే అనుకుంటున్నాను.

రెండోది నా సొంత విషయం. దాన్ని చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది నర్సాపురం దగ్గర పల్లె. అక్కడ లేసు అల్లని ఇల్లు వెతకాలి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతానికి తెచ్చిన పని ఇది. మొదట క్రైస్తవంలోకి మారిన పేద స్త్రీలకి నేర్పారు. తర్వాత కాపు స్త్రీలకి, ఇతర కులాలవాళ్ళకి పాకింది. గడప దాటడం పరువు తక్కువనుకునే ఇళ్ళకి గడప దాటకుండా డబ్బొచ్చే పని భలేగా కలిసొచ్చింది. ఏజెంటు దారం తూచి ఇస్తాడు, అల్లిన సరుకు పట్టుకెళ్తాడు, ముక్క లెక్కన కూలి ఇస్తాడు. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపి అతుకు పని చేసేది ఇంకొకరు. ఆ సరుకు ఏ దేశంలో ఏ బల్లమీద పరుచుకుంటుందో ఇద్దరికీ తెలియదు.

జర్మన్ స్త్రీవాది మరియా మీస్ మా ప్రాంతానికి వచ్చి ఈ స్త్రీల బతుకులు అధ్యయనం చేసి 1982లో పుస్తకం ప్రచురించారు. మన పాఠకుల్లో చాలామందికి అది తెలిసేవుంటుంది. ప్రపంచ మార్కెట్టు కోసం రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు పనిచేసే స్త్రీని గృహిణి అంటారు, ఆమె పనిని తీరిక వేళ కాలక్షేపం అంటారు, ఆ మాట అడ్డం పెట్టుకునే అంత తక్కువ కూలి ఇవ్వగలుగుతారు అని ఆమె చూపించారు. అప్పట్లో ఆ పుస్తకం చదివి నేను చాలా ఆవేశపడ్డాను. మా అమ్మకీ మా మేనత్తకీ దాని సారాంశం చెప్పాను కూడా. "ఆవిడకి మా సంగతి అంత తెలిసిందా!" అని మా మేనత్త ఆశ్చర్యపోయింది. అమ్మ మాత్రం దారం చిక్కు తీసుకుంటూ వూరుకుంది.

మా మేనత్త చేతిలో ఒక పువ్వు వుంది. ఆరు రేకుల పువ్వు, దాని వెనకనుంచి పోగు అందుకుని లేపే రెండో వరస రేకులు. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. ఆమె ప్రత్యేకత ఏమిటంటే చివరి వరస అల్లుతూనే పక్క పువ్వుకి తగిలించుకుంటూ పోతుంది. పువ్వులు విడివిడిగా అల్లి తర్వాత అతకనక్కర్లేదు, వెనక వైపు ముడులు కనబడవు. పుస్తకాలు చూసి అల్లేవాళ్ళకి ఇలాంటి పద్ధతులు తెలుసు. మా వీధిలో మాత్రం ఆమె తనంతట తాను పట్టుకుంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నాకు నేర్పింది.

ఆ పువ్వులతో అల్లిన శాలువా అంచు ఒకటి మా శనివారం గుంపుకి తీసుకెళ్ళాను. అందరూ చుట్టూ చేరారు. ఎలా చేశావంటే ఎలా చేశావన్నారు. సంబరంగా రెండు గంటలు కూర్చుని చేసి చూపించాను. ఒకావిడ ఫొటోలు తీసుకుంది. ఆరు నెలల తర్వాత ఆవిడ ఫీజు తీసుకుని పెట్టిన క్లాసులో అదే పువ్వు, లెక్కలతో సహా అచ్చువేసిన కాగితం, కింద "రూపకల్పన" అని ఆవిడ పేరు. నాకు వొళ్ళు మండింది. ఫోనుచేసి అడిగితే, "మీరేమీ రహస్యమని చెప్పలేదు కదండీ, ఇలాంటివి అందరివీనూ" అంది.

నిజాయితీగా చెప్పుకోవాలి. ఆవిడమీద కోపంతో ఆ రాత్రి నిద్రపట్టలేదు గానీ, తెల్లారేసరికి ఇంకో సంగతి తట్టింది. ఆ రెండు గంటల్లో నేను మా మేనత్త పేరు ఒక్కసారైనా ఎత్తానా? లేదు. "మా వైపు ఇలా అల్లుతారు" అన్నాను. అంత పనితనం వున్న మనిషిని "మా వైపు"లో కలిపేశాను. ఆవిడ నా పేరు మింగింది. నేను అంతకుముందే మా అత్త పేరు మింగాను.

ఇంతకంటే పెద్ద తప్పు పండక్కి వూరెళ్ళినప్పుడు తెలిసింది. జరిగింది చెబితే మా అత్త ముఖం మాడిపోయింది. "పట్నంలో చూపించేశావా? మన వీధిలోనే ముగ్గురికి మించి చెప్పలేదే నేను" అంది. ఎందుకు చెప్పలేదో అప్పుడు చెప్పింది. అల్లుతూనే అతుక్కునే పద్ధతి ఏజెంటు కళ్ళబడితే, ఇక అన్ని ముక్కలూ అలాగే చేసివ్వమంటాడు. పువ్వు కూలి పెంచడు. అతుకు పనికి ఇచ్చే కూలి మాత్రం ఎగిరిపోతుంది. ఎదురింట్లో వితంతువు ఒకామె ఆ అతుకు పనిమీదే బతుకుతోంది. అందుకని మా అత్త అమ్మకం సరుకంతా పాతపద్ధతిలో విడిపువ్వులుగానే ఇచ్చి, ఈ పద్ధతి ఇంట్లోకి చేసుకునే వాటికి అట్టేపెట్టుకుంది. చిన్నపిల్లనని నాకు ఆ కారణం చెప్పలేదు. పెద్దయ్యాక నేను అడగలేదు.

"జ్ఞానాన్ని దాచుకోకూడదు, పంచాలి" అని మన శిక్షణల్లో ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్కలేదు. దాచుకోవడం ఒక్కోచోట పక్కింటామె కూలిని కాపాడటం కావచ్చని ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

ఇక్కడ ఒక వాదన వస్తుంది, అది తీసిపారేయదగ్గది కాదు. ఈ పనుల్లో ఎవరు మాత్రం కొత్తగా కనిపెట్టారు? ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అనే వూలు అల్లికల ఆవిడ, తనకి తట్టిన పద్ధతుల్ని కనిపెట్టానని చెప్పుకోలేదు. ఎప్పుడో ఎక్కడో ఏ అల్లికగత్తెకో తెలిసే వుంటుంది, నేను మళ్ళీ తవ్వి తీశాను అనే అర్థం వచ్చేలా "అన్‌వెంట్" అని ఒక మాట పుట్టించింది. నాకు ఆ మాట బాగా నచ్చుతుంది. నిజమే, మా అత్త పువ్వుకి మూలం వెతుక్కుంటూ పోతే మిషనరీ దొరసానుల దగ్గరికి, అక్కడినుంచి ఐర్లండు కరువుల్లో క్రోషా లేసు అల్లి బతికిన ఆడవాళ్ళదాకా పోవచ్చు. పువ్వు మా అత్త సొత్తు అని నేననడంలేదు. "అందరివీనూ" అంటూనే కింద తన పేరు వేసుకుని ఫీజు వసూలు చెయ్యడం దగ్గరే నా పేచీ. అందరిదీ అయితే ఆవిడ పేరెందుకు?

ముగ్గుల సంగతి చూడండి అంటారు కొందరు. సంక్రాంతికి పక్కింటి ముగ్గు చూసి నోటుపుస్తకంలో చుక్కలు పెట్టుకుంటాం, ఎవరూ ఏమీ అనుకోరు, మన సంస్కృతిలోనే పంచుకోవడం వుంది అంటారు. ముగ్గుని ఎవరూ తూకానికి కొనరు, అందుకని పంచుకోవడం తేలిక. అదీగాక ఆ పంపకం ఏ వీధినుంచి ఏ వీధిదాకా వెళ్ళేదో, ఎక్కడ ఆగిపోయేదో పల్లెలో పెరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

చట్టం ఏమంటుందని కూడా చూశాను. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం నమోదు చేయించుకుంటే పదేళ్ళు, పొడిగించుకుంటే ఇంకో అయిదేళ్ళు రక్షణ. అయితే డిజైను అంతకుముందు ఎక్కడా బయటపడి వుండకూడదు. వీధి అరుగుమీద కూర్చుని అల్లే మనిషికి ఇది సాధ్యమయ్యే షరతా? ఇక భౌగోళిక గుర్తింపు. ఆ చట్టం 1999లో వచ్చింది, 2003నుంచి అమల్లో వుంది. నర్సాపురం క్రోషా లేసుకి ఆ గుర్తింపు 2024లో వచ్చింది. సంతోషమే. ఇంకెక్కడో చేసిన సరుకుని నర్సాపురం లేసని అమ్మితే ఇప్పుడు అడ్డుకోవచ్చు. కానీ అది కాపాడేది వూరి పేరుని. అల్లిన మనిషి పేరుని కాదు, ఆమెకి ముట్టే కూలిని అసలే కాదు. చట్టం ఇంతవరకే వస్తుంది గనక మిగతాది మన మర్యాదమీద పడింది. మర్యాద అంటే నంగినంగిగా మాట్లాడటం అని నా వుద్దేశం కాదు. ఎవరు నేర్పారో చెప్పడం, ఇంకొకరికి చూపించేముందు వాళ్ళని అడగడం, డబ్బొస్తే వాళ్ళకి వాటా పంపడం, అడిగినవాళ్ళని చూసి నవ్వకపోవడం.

ఇక రిజిస్టరు సంగతి. నా తప్పు దిద్దుకుందామని, ఒక స్వచ్ఛంద సంస్థ స్త్రీలకి లేసు శిక్షణ పెడుతుంటే నేర్పడానికి మా అత్తని తీసుకెళ్ళమని నేనే సిఫారసు చేశాను. ఆ పద్ధతి తప్ప మిగతావన్నీ నేర్పుతానంది. మూడు రోజులు, పాతికమంది. పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం అయిదుదాకా ఒక్కొక్కళ్ళ వేళ్ళు పట్టుకుని నేర్పింది. నాకు తర్వాత ఆ కాగితాలు చూసే అవకాశం కలిగింది. నిపుణురాలు అన్నచోట పట్నంనుంచి వచ్చి మొదటిరోజు గంటసేపు మార్కెటింగు గురించి మాట్లాడినావిడ పేరుంది, పారితోషికం ఆవిడకే వెళ్ళింది. మా అత్త సంతకం లబ్ధిదారుల వరసలో వుంది. పదిహేడో నెంబరు. ఆమెకి బస్సుచార్జీ, భోజనం ఇచ్చారు.

సంస్థవాళ్ళని అడిగాను. బడ్జెట్టులో నిపుణులకి విద్యార్హత అడుగుతారండీ, ఆమెని ఎక్కడ చూపించాలో తెలీక అక్కడ చూపించాం అన్నారు. దురుద్దేశం ఏమీ లేదు, నాకు తెలుసు. ఆ కాలమ్ గీసింది ఎవరో, ఎన్ని సంస్థల్లో ఎన్ని రిజిస్టర్లలో మనమే అలా నింపామో ఆలోచిస్తే నాకు మాట పెగల్లేదు. మంత్రసానులతో, విత్తనాలు దాచే రైతు స్త్రీలతో, అద్దాలకుట్టు కుట్టే లంబాడీ స్త్రీలతో మనం పెట్టిన సమావేశాల రిజిస్టర్లు ఒకసారి తీసి చూడమని ఈ పత్రిక చదివే మిత్రుల్ని అడుగుతున్నాను. ఎవరు ఎవరికి నేర్పారు, ఎవరి సంతకం ఎక్కడుంది?

ఈ వ్యాసంలో నీ పేరు వేస్తాను అత్తా అని ఫోను చేశాను. ఇన్నాళ్ళకి ఆ బాకీ తీరుస్తున్నానన్న తృప్తి నాకు.

"పేరెందుకే నాకు? పేరేస్తే మీ మావయ్య ఇంకో గొడవ. ఏజెంటు చదివాడంటే అదో గొడవ" అంది. తర్వాత కాసేపాగి, "ఆ మూడు రోజుల కూలి ఇస్తారేమో కనుక్కో. నలభై నెంబరు దారం కొనాలి" అంది.

అందుకని ఇక్కడ ఆమె పేరు లేదు. ఆ సంస్థకి ఉత్తరం రాశాను. పట్నం నిపుణురాలికి రోజుకి ఎంత ఇచ్చారో అంతే లెక్కన మూడు రోజులకీ ఇమ్మన్నాను, రిజిస్టరులో పదిహేడో నెంబరు కొట్టేసి సరైన చోట రాయమన్నాను. జవాబు ఇంకా రాలేదు. దర్జీషాపు అమ్మాయి చిరునామా మాత్రం దొరికింది. వచ్చే రెండో శనివారం మా ఇంట్లోనే. వస్తుందో రాదో, పిలవడానికైతే రేపు వెళ్తున్నాను.