గోంగూర అమ్మే మన పొరుగువారు ఎవరు?

వేసవి వచ్చిందంటే సెయింట్ పాల్ రైతుబజారులో తెలుగువాళ్ళందరం కలుస్తాం. గోంగూర, కాకరకాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర సంచుల నిండా కొనుక్కుని, ఇంటికొచ్చి "చైనా వాళ్ళ దగ్గర దొరికింది" అంటాం. కిందటేడు మన తెలుగు బడిలో ఒక పిల్లవాడు చెయ్యెత్తి, "వాళ్ళు చైనీస్ కాదు మాస్టారూ! మా క్లాసులో ఒకమ్మాయి హ్మాంగ్, ఇంకో అబ్బాయి కరెన్" అన్నాడు. పాఠం చెప్పే మాకు ఆ రెంటికీ తేడా తెలియదు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాం మరి!

సిగ్గుపడి చదవడం మొదలుపెట్టాం. హ్మాంగ్‌ల పూర్వీకులది దక్షిణ చైనా కొండప్రాంతం. చింగ్ చక్రవర్తుల పన్నులకూ, భూముల ఆక్రమణకూ అక్కడి కొండజాతులు పదేపదే ఎదురుతిరిగాయి. సైన్యాలు అణచివేశాయి. 18, 19 శతాబ్దాల్లో చాలా కుటుంబాలు వియత్నాం, లావోస్ కొండలకు తరలిపోయాయి. అలాంటివారిని మనం చైనా వాళ్ళనడమంటే, తరిమిన రాజ్యం పేరే వాళ్ళకు తగిలించడం.

1961 నుంచి లావోస్‌లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, వాంగ్ పావ్ అనే హ్మాంగ్ సేనాని ద్వారా రహస్య యుద్ధం నడిపింది. కూలిన విమానాల్లోని అమెరికన్ పైలట్లను వెతికి కాపాడటం కూడా వీళ్ళ పనే. 1975 మే నెలలో విమానాలు సుమారు 2,500 మందిని ఎక్కించుకుని వెళ్ళిపోయాయి. మిగిలినవారు అడవుల్లో నడిచి, మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్ శిబిరాలకు చేరాలి. ఎందరో నదిలోనే పోయారు. ఆ శిబిరాల్లో ఆడవాళ్ళు ఈ కథంతా గుడ్డ మీద రంగుదారాలతో కుట్టారు. మనమేమో వీసా ముద్ర వేయించుకుని, సూట్‌కేసులో ఆవకాయ సర్దుకుని దిగినవాళ్ళం.

కరెన్‌ల ఊరు వేరు, భాషా కుటుంబమూ వేరు. వాళ్ళది బర్మా తూర్పు కొండలు, ఇరావతి డెల్టా. తమ పెద్దలు ఇసుక నది దాటి వచ్చారని చెప్పుకుంటారు. 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది; 1949 జనవరిలో కరెన్‌ల సాయుధ పోరాటం మొదలైంది. అది నేటికీ ఆరలేదు. 2000ల మధ్య నుంచి థాయ్ సరిహద్దు శిబిరాల వాళ్ళు ఎక్కువగా ఇక్కడికి రావడం మొదలైంది.

బర్మా మనకు మరీ పరాయిదేం కాదు. రంగూన్‌లో బతికి, 1942 యుద్ధంలోనో 1960లలోనో తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలెన్నో. విశాఖలో బర్మా క్యాంపు అనే పేటే ఉంది. గోంగూరను బర్మా వాళ్ళు చిన్‌బాంగ్ అంటారు, మనలాగే ఇష్టంగా తింటారు. కరెన్ అక్షరాలు కూడా మన అక్షరాల్లా గుండ్రంగా ఉంటాయి. 1830లలో జోనథన్ వేడ్ అనే అమెరికన్ మిషనరీ వాటిని బర్మా లిపి నుంచి కూర్చాడు. ఆ లిపి, మోన్ లిపి ద్వారా, దక్షిణ భారత లిపులకు చుట్టమే.

హ్మాంగ్ భాషను 1950లలో మిషనరీలు రోమన్ అక్షరాల్లో పెట్టారు. పదం చివరి హల్లును పలకరు. గొంతు ఎంత ఎత్తులో ఉండాలో అది చెబుతుంది. ఇంజనీర్లకు ముచ్చటేసే ఏర్పాటు! 1959లో షోంగ్ లూ యాంగ్ అనే చదువురాని రైతు ఏకంగా సొంత లిపే తయారుచేశాడు. మరి వెయ్యేళ్ళ సాహిత్యం ఉన్న మనం, పిల్లల్ని ఆదివారం బడికి పంపడానికి సాకర్ మ్యాచ్‌తో పోటీపడుతున్నాం.

"గుణింతాలే రావడం లేదు, వీళ్ళ చరిత్ర ఎందుకండీ?" అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయినా వచ్చే ఏడు ఇరుగుపొరుగు మీద ఒక పాఠం పెట్టాలన్నదే మా అభిప్రాయం. పక్క బల్లమీద కూర్చున్న స్నేహితుడి అమ్మమ్మది ఏ ఊరో అడిగి, తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకురావాలి. గుణింతాలూ వస్తాయి.

ముందు మేమే మొదలుపెట్టాం. మొన్న బజారులో కొత్తిమీర అమ్మే హ్మాంగ్ పెద్దావిడకు "న్యో ఝాంగ్" అని వాళ్ళ భాషలో నమస్కారం చెప్పాం. పలకడం తప్పిందేమో, ఆవిడ గట్టిగా నవ్వి, మాచేత మరో రెండుసార్లు పలికించింది.