2026లో మెక్‌లారెన్ హ్యాట్రిక్ కొడుతుందా? నాకైతే డౌటే!

ఫార్ములా 1లో గత రెండేళ్లూ మెక్‌లారెన్‌వే. 2024లో టీమ్ టైటిల్. 2025లో మళ్లీ అదే, పైగా లాండో నోరిస్‌కి డ్రైవర్ టైటిల్ కూడా. అందుకే 2026 కూడా వాళ్లదేనని చాలామంది ఫిక్స్ అయిపోయారు. నేను మాత్రం ఒప్పుకోను. నా లెక్కలో ఈసారి ఫేవరెట్ మెర్సిడెస్. మెక్‌లారెన్ టాప్ 3లో ఉంటుంది, అంతవరకే.

ఏం మారుతోంది?

దాదాపు కారు మొత్తం. ఎలక్ట్రిక్ మోటార్ పవర్ 120 కిలోవాట్ల నుంచి 350కి పెరుగుతోంది. అంటే మొత్తం పవర్‌లో సుమారు సగం బ్యాటరీదే. డీఆర్‌ఎస్ పోయి, ముందూ వెనకా రెక్కలు కదిలే యాక్టివ్ ఏరో వస్తోంది. కనీస బరువు 800 నుంచి 768 కిలోలకు తగ్గుతోంది.

350 కిలోవాట్లంటే ఎంతో అర్థం కావాలంటే, 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన పరిగెత్తిన ఫార్ములా ఈ కార్లని గుర్తు తెచ్చుకోండి. అటాక్ మోడ్‌లో వాటి ఫుల్ పవరే అంత! ఆ రేసులో జాన్ ఎరిక్ వెర్న్, వెనకే తరుముతున్న నిక్ కాసిడీ కంటే తక్కువ చార్జ్ ఉన్నా గెలిచాడు. ఎక్కడ పొదుపు చెయ్యాలో, ఎక్కడ వాడాలో తెలిసి గెలిచాడు. ఇక ఎఫ్1లోనూ అదే ఆట.

ఇంజిన్ ఒకటే, టీమ్‌లు వేరు

మెక్‌లారెన్ వాడేది మెర్సిడెస్ ఇంజినే. రూల్ ప్రకారం హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ రెండూ ఒకేలా ఇవ్వాలి. మరి తేడా ఎక్కడ? మా వైజాగ్ పూర్ణా మార్కెట్‌లో చూడండి. ఒకే లారీలోంచి దిగిన టమాటాయే అందరూ కొంటారు. కానీ సరుకెలా ఉందో రాత్రే తెలిసిన వ్యాపారి తన లెక్క ముందే వేసుకుంటాడు. ఇంజిన్, కారు రెండూ తనవే కాబట్టి మెర్సిడెస్ ఆ వ్యాపారి లాంటిది.

"ఇదే ఇంజిన్‌తో రెండేళ్లు మెర్సిడెస్‌ని ఓడించారుగా?" అంటారేమో. నిజమే. కానీ ఆ ఇంజిన్ డెవలప్‌మెంట్ 2022లోనే ఫ్రీజ్ అయిపోయింది. గుట్టు అందరికీ తెలుసు. మెక్‌లారెన్ గెలిచింది ఏరోతో, టైర్లని కాపాడుకోవడంతో. ఇప్పుడు ఆ ఏరో రూల్సే కొత్తవి. పైగా ఛాంపియన్‌కి విండ్ టన్నెల్ టైమ్ అందరికంటే తక్కువ.

పాత రికార్డు చూస్తే భయమే

2010 నుంచి 2013 దాకా వరుసగా నాలుగు టైటిల్స్ కొట్టిన రెడ్ బుల్, రూల్స్ మారిన 2014లో గెలిచింది 3 రేసులే. మెర్సిడెస్ 19కి 16 గెలిచింది. ఆ ఏడాది అదే మెర్సిడెస్ ఇంజిన్ పెట్టుకున్న మెక్‌లారెన్ ఎక్కడుందో తెలుసా? ఐదో స్థానంలో! మెర్సిడెస్ కూడా ఎనిమిది టీమ్ టైటిల్స్ తర్వాత, మళ్లీ రూల్స్ మారిన 2022లో ఒక్క రేసుతో సరిపెట్టుకుంది.

మరి ఆశే లేదా?

ఉంది. 2023 మొదట్లో వెనక వరుసల్లో ఈడ్చుకుంటూ వచ్చిన కారుని, జూలై అప్‌గ్రేడ్‌తో పోడియం కారుగా మార్చింది ఇదే టీమ్. నోరిస్, పియాస్ట్రీ లాంటి జోడీ ఇంకెవరికుంది? సెకండాఫ్‌లో రేసులు గెలుస్తారు. కానీ టైటిల్‌కి ఫస్టాఫ్ పాయింట్లు కూడా కావాలి కదా.

మొదటి రేసు మార్చి 8న మెల్‌బోర్న్‌లో, మనకి ఆదివారం పొద్దున్నే. ల్యాప్ టైమ్ సంగతి తర్వాత. స్ట్రెయిట్ చివర్లో చార్జ్ అయిపోయి ముందు ఎవరి కారు నీరసపడుతుందో చూడండి. సీజన్ ఎటు పోతుందో అక్కడే తెలిసిపోతుంది.