ఎర్ర షర్బతు, తెల్ల మజ్జిగ

శివరాత్రి వెళ్ళిందో లేదో, మెట్టలో ఎండ చురుక్కుమంటుంది. ఉగాది నాటికి వరికుంటపాడు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు మధ్యాహ్నం గడప దాటాలంటే ఆలోచించాల్సిందే. కూల్‌డ్రింకులకు పోసే డబ్బులో సగంతోనే ఇంటిల్లిపాదీ చల్లబడే మార్గాలు రెండున్నాయి. ఒకటి ఎర్రటి నన్నారి, రెండోది తెల్లటి మజ్జిగ.

రంగు చూసి మోసపోవద్దు

అసలు నన్నారి కషాయం గోధుమ రంగులోనే ఉంటుంది. సీసాలో మందారంలా మెరుస్తోందంటే అది వేరు గొప్ప కాదు, రంగు గొప్ప! కొనేముందు లేబుల్ మీది చిన్న అక్షరాలు చదవండి. 122, 124 అంకెలుంటే కృత్రిమ ఎరుపు రంగులు కలిపినట్టు. 150 ఉంటే అది పంచదార మాడ్చి చేసే కారమెల్ రంగు. పదార్థాల జాబితాలో వేరు పేరే లేకుండా 'ఫ్లేవర్' ఒక్కటే కనిపిస్తే, మీరు కొంటున్నది వాసన పట్టించిన పాకం. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కూడా ఉందో లేదో చూడండి.

వేళ్ళు తెచ్చుకుంటే

నన్నారి పేరుతో అమ్మేవి రెండు రకాలు. సన్నటి సుగంధిపాల వేళ్ళు ఒకటి, లావుపాటి మారేడు కొమ్ములు మరొకటి. రెండింటి పరిమళానికీ మూలం ఒకటే. వెనిల్లా వాసననిచ్చే పదార్థానికి అది దగ్గరి చుట్టం. ఆ వాసనంతా పైబెరడులోనే ఉంటుంది. అందుకే వేళ్ళు కడిగి, దంచి, లోపలి పుల్ల తీసేయాలి. 100 గ్రాముల బెరడును లీటరు వేడినీళ్ళలో వేసి మూతపెట్టి, రాత్రంతా నాననివ్వండి. గంటలకొద్దీ మరిగిస్తే వాసన ఆవిరితో పోతుంది. ఉదయం వడకట్టి కిలో పంచదార వేసి, కరిగి కాస్త జిగురు రాగానే దించండి. నిమ్మరసం మాత్రం తాగేటప్పుడే.

ఒక్క మాట. మారేడు కొమ్ముల కోసం నల్లమల, శేషాచలం కొండల్లో తీగను వేళ్ళతో సహా తవ్వేస్తున్నారు. వేరు పోతే తీగా పోతుంది. అవసరమైనంతే కొనండి. సాగు చేసినవి దొరికితే వాటికే ఓటేయండి.

మజ్జిగను మించింది లేదు

ఖర్చులో మజ్జిగదే గెలుపు. అర లీటరు పెరుగుకు రెండు లీటర్ల నీళ్ళు పోసి చిలికితే పదిమందికి సరి. ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు, నాలుగు నిమ్మాకులు నలిపి వేస్తే చాలు. వేసవిలో నిమ్మకాయలకు రెక్కలొస్తాయి కదా! 2022 ఏప్రిల్‌లో చాలాచోట్ల కిలో 200 రూపాయలు దాటింది. అలాంటప్పుడు నిమ్మాకు ఆదుకుంటుంది.

ఎవరికి ఏది?

మధుమేహం ఉన్నవాళ్ళు షర్బతు జోలికి వెళ్ళకుండా మజ్జిగే తాగాలి. రక్తపోటు ఉంటే అందులో ఉప్పు తగ్గించాలి. ఎండలో ఆడొచ్చిన పిల్లలకు ముందు మంచినీళ్ళు, తర్వాతే షర్బతు. వాంతులు, విరేచనాలైతే ఈ రెండూ కాదు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (టీ చెంచాతోనే, తలకొట్టి) కలిపి కొద్దికొద్దిగా పట్టాలి. మనిషి తడబడుతూ, ఒళ్ళు కాలిపోతుంటే మాత్రం ఏ పానీయం కోసమూ చూడకుండా నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, 108కి ఫోన్ చేయండి.

ఈ వారం పచారీ చీటీలో కూల్‌డ్రింకు కొట్టేసి, పెరుగు రాయండి.