పడిపోయిన చెయ్యికి పని చెప్పాలి

మన గూడేల్లో పెద్దోళ్లకి పక్షవాతం వస్తే ఏం చేస్తున్నాం? ఆస్పత్రి నుంచి తెచ్చి మంచం మీద పడుకోబెడతాం. అన్నం మనమే కలిపి తినిపిస్తాం. ప్రేమతోనే చేస్తాం, కానీ దానివల్లే ఆ చెయ్యి అలాగే ఉండిపోతోంది.

జబ్బు చేతిలో లేదు, మెదడులో ఉంది. దెబ్బతిన్న చోటు చేసే పనిని మెదడులో మిగతా భాగాలు కొంతవరకు నేర్చుకోగలవు. కానీ ఆ చేత్తో పదే పదే పని చేయిస్తేనే. మొదటి మూడు నెలల్లో మార్పు ఎక్కువ, తర్వాత కూడా ఆగిపోదు. గ్లాసు పట్టుకోమనండి, నీళ్లు ఒలికినా పర్లేదు. చింతపిక్కలు ఏరి డబ్బాలో వేయమనండి. వేళ్లు కాస్త కదిలేవాళ్లకి బాగున్న చేతికి కొన్ని గంటలు తొడుగు వేసి, పడిపోయిన చేత్తోనే పని చేయించే పద్ధతి కూడా ఉంది, అది ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాకే. లేపేటప్పుడు మాత్రం ఆ చెయ్యి పట్టుకుని లాగొద్దు, భుజం కీలు జారే ప్రమాదం ఉంది. పసరు వైద్యాన్ని మేం తక్కువ చేయట్లేదు, కానీ ఒక్క మర్దనాతో చెయ్యి పని నేర్చుకోదు.

మరి ఇవన్నీ నేర్పేదెవరు? వారానికి రెండుసార్లు కొండ దిగి టౌనుకి రమ్మంటే ఆ రోజు కూలి, ఆటో ఖర్చు ఎవరిస్తారు? తమిళనాడులో 2021లో మొదలైన 'మక్కలై తేడి మరుత్తువం' పథకంలో ఫిజియోథెరపీ ఇంటికే వస్తోంది. మన ఐటీడీఏల్లో ఎందుకు కుదరదు? ఆశా అక్కలకైనా ముందు ఈ వ్యాయామాలు నేర్పమని అడుగుదాం. ఊరూరి నుంచీ అర్జీలు పెడదాం.